బండి లెక్కలు – 5వ పాఠం: బ్యాటరీ మార్చాలా, ఇంకొన్నాళ్లు లాగాలా?

పోయిన పాఠంలో కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో తీశాం. చివర్లో ఒక పని అప్పగించాను. షెడ్డులో ఒక్కో బండి నెల రోజుల్లో ఎన్ని ట్రిప్పులు కొట్టింది, ఎన్ని వదులుకుంది అన్నది నోట్‌బుక్కులో రాయమన్నాను. రాసినవాళ్లకు ఈ పాఠం సులువు. రాయనివాళ్లూ చదవొచ్చు గానీ, చివరికి ఆ నోట్‌బుక్కు దగ్గరికే రావాలి.

ఈసారి ప్రశ్న ఇది. నాలుగేళ్లయిన కరెంటు సరుకు ఆటో. రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో తిరిగే దూరం, పడిపోయింది. కొత్త బ్యాటరీ లక్షన్నర పైమాటే. పెడితే డబ్బు తిరిగొస్తుందా?

చాలామంది ఓనర్లు బ్యాటరీ ధరను కొత్త బండి ధర పక్కన పెట్టి చూస్తారు. "బండి కొనాలంటే నాలుగు లక్షలు, ఇది లక్షన్నరే కదా" అనుకుని ఆర్డరు ఇచ్చేస్తారు. నాలుగు లక్షల పక్కన ఏదైనా చవగ్గానే కనిపిస్తుంది. మనం చూడాల్సింది, బ్యాటరీ నీరసపడడం వల్ల నెలనెలా చేతికి రాకుండా పోతున్న డబ్బు ఎంతా అని.

ముందు బ్యాటరీలో ఎంత మిగిలిందో కొలవాలి. డ్యాష్‌బోర్డు మీద 100 శాతం చూసి మురిసిపోకండి. నిండిన చెంబు ఎప్పుడూ నిండినట్టే కనిపిస్తుంది, చెంబే చిన్నదైపోయిందని చెప్పదు. చార్జింగ్ పాయింటు దగ్గర వెయ్యి రూపాయల్లోపు దొరికే సబ్‌మీటరు ఒకటి బిగించండి. సాయంత్రం బండి దాదాపు ఖాళీ అయ్యాక, నీడలో బాగా చల్లారనిచ్చి, మీటరు రీడింగు రాసుకుని ప్లగ్గు పెట్టండి. పొద్దున్నే మళ్లీ రీడింగు చూడండి. 10 యూనిట్ల బ్యాటరీ కొత్తలో గోడ నుంచి 11.3 యూనిట్లు తాగిందనుకుందాం. 10కి పైన ఉన్న 1.3 చార్జరు వేడికి పోయే వాటా. ఇప్పుడు అదే బండి 8.2 యూనిట్లకే నిండిపోతోందంటే, 8.2ని 11.3తో భాగించండి. 73 శాతం మిగిలింది. మూడు రాత్రులు కొలిచి సగటు తీయండి. కొత్తప్పటి రీడింగు లేకపోతే, అదే మోడలు కొత్త బండి ఒకటి దొరికించుకుని కొలవండి.

ఈ కొలత ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, నేనొకసారి దెబ్బ తిన్నాను. ఒక డ్రైవరు "బ్యాటరీ అయిపోయింది సార్, ఎత్తు ఎక్కడం లేదు" అన్నాడు. షోరూమ్‌వాళ్లూ అదే మాట అన్నారు. మార్చేశాను. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పాత ప్యాక్ విప్పి మల్టీమీటరు పెట్టాడు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్లు 3.2 వోల్టులది. వరసగా 16 కలిపితే 51.2 వోల్టుల ప్యాక్. లోడు పెట్టగానే 15 సెల్లులు 3.2 దగ్గరే నిలబడ్డాయి, ఒక్కటి 2.6కి జారింది. బీఎంఎస్, అంటే ప్యాక్‌లో సెల్లులను కాపలా కాసే సర్క్యూట్, ఆ ఒక్కదాన్ని చూసి మొత్తం ప్యాక్‌ను ఆపేస్తోంది. ఆ ఒక్క సెల్లు మార్చి సరిచేస్తే కొన్ని వేలతో పోయేది. అందుకే యూనిట్ల కొలత బాగుండి, బండి మాత్రం లోడు మీద చటుక్కున ఆగిపోతుంటే, కొత్త బ్యాటరీ గురించి ఆలోచించకముందే సెల్లులు చూపించండి. వారంటీ ఉన్నంతకాలం మాత్రం ప్యాక్ మీరు విప్పించొద్దు. ముందు వారంటీ కాగితంలో ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతానికి పడితే మారుస్తారని రాశారో చదవండి.

ఇప్పుడు లెక్క. అంకెలు పాఠం కోసం వేసినవి, మీ నోట్‌బుక్కులోవి మీరు పెట్టుకోండి. బండి గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి ఎనికేపాడు వైపు కిరాణా సరుకు వేస్తుంది. దించుకుంటూ పోయి తిరిగొచ్చేసరికి ట్రిప్పుకు 38 కిలోమీటర్లు. కొత్తలో ఒక్క చార్జింగ్‌తో, లోడు మీద 85 తిరిగేది కాబట్టి రోజుకు రెండు ట్రిప్పులు అయ్యేవి. ఇప్పుడు 62 వస్తోంది. మధ్యాహ్నం చార్జింగ్ కుదిరిన రోజు రెండో ట్రిప్పు పడుతోంది, కుదరని రోజు పోతోంది. నెలకు 12 ట్రిప్పులు పోయాయని నోట్‌బుక్కు చెప్పింది.

ట్రిప్పు కిరాయి 700. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, 12 ట్రిప్పులకు 8,400 నష్టం అని రాసేస్తారు. ట్రిప్పు పోయినప్పుడు దాని ఖర్చూ పోయింది కదా. డ్రైవరు బత్తా 150, కరెంటు 50, టైర్లూ సర్వీసూ 50 తీసేస్తే ట్రిప్పుకు మిగిలేది 450. నెలకు నిజంగా పోతున్నది 5,400.

బ్యాటరీ వైపుకి రండి. కొటేషన్ 1,50,000. బండితో పాటు వస్తే 5 శాతమే గానీ, లిథియం బ్యాటరీ విడిగా కొంటే జీఎస్టీ 18 శాతం, అంటే 27,000. అది క్రెడిట్‌గా వెనక్కి వస్తుందో రాదో మీ కిరాయి మీద పన్ను ఎలా కడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆడిటర్‌ని అడగండి. ఇక్కడ రాదనే అనుకుందాం. బిగింపు 3,000. పాతదానికి 18,000 ఇస్తామన్నారు. నికరంగా 1,62,000. కరెంటు బళ్లకు కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ ఆశ పెట్టుకోకండి, అది ఇచ్చిందే కొత్త బళ్లకు.

1,62,000ని 5,400తో భాగిస్తే 30 నెలలు. బండి బాడీ, చాసిస్ ఇంకో 36 నెలలు నిలుస్తాయని మెకానిక్ అన్నాడు. ఆరు నెలల లాభం ఉన్నట్టే కనిపిస్తోంది. అయితే డబ్బు ఊరికే రాదు. 14 శాతం వడ్డీకి 36 నెలల లోను తీసుకుంటే ఈఎంఐ 5,537. వచ్చేది 5,400, కట్టేది 5,537. లాభం అనుకున్నది నెలకు 137 నష్టమైంది. చేతిలో డబ్బు ఉన్నా లెక్క ఇదే, ఎందుకంటే ఆ డబ్బుతో మీకున్న పాత అప్పు తీర్చుకోవచ్చు.

కానీ ఈ లెక్కలో రెండు లొసుగులున్నాయి, రెండూ బ్యాటరీకి అన్యాయం చేసేవే. ఒకటి, మూడేళ్ల తర్వాత బ్యాటరీ ఇంకా బతికే ఉంటుంది. అప్పుడు దానికి 40,000 వస్తుందనుకుంటే, 14 శాతం లెక్కన ఈరోజు విలువ 26,000 పైచిలుకు. నెలనెలా పోయే 137లన్నీ ఈరోజు విలువలో 4,000 అవుతాయి, అవి తీసేస్తే మొత్తం మీద 22,000 లాభంలోకి వస్తారు. రెండోది, ఇప్పుడు 12 ట్రిప్పులు పోతున్న బండికి వచ్చే ఏడాది 12తో ఆగదు. బెజవాడ ఎండలో బయట నిలబడి, వేడి మీదే చార్జింగ్ ఎక్కే బ్యాటరీ ఇంకా తొందరగా దిగుతుంది. కాబట్టి 5,400 అన్నది మొదటి నెల అంకె మాత్రమే.

ఇంతదాకా వచ్చినవాళ్లు "అయితే కొనేద్దాం" అంటారు. ఆగండి. మనం ఇప్పటిదాకా కొత్త బ్యాటరీని, ఏమీ చేయకుండా కూర్చోవడంతో పోల్చాం. షెడ్డులో ఒక్క బండే ఉంటే అది సరే. ఎనిమిది బళ్లుంటే అందులో ఒకటి భవానీపురంలో వాటర్ టిన్నులు వేస్తూ రోజంతా తిరిగినా 40 కిలోమీటర్లు దాటదు, దాని బ్యాటరీ 90 శాతం ఉంది. ఈ రెండు బళ్ల రూట్లు మార్చేయండి. 90 శాతం బండికి 76 కిలోమీటర్లు వస్తాయి, రెండు ట్రిప్పులకు సరిగ్గా అంచున. మధ్యాహ్నం భోజనం టైములో అరగంట ప్లగ్గు పెడితే డ్రైవరుకు టెన్షన్ ఉండదు. 62 కిలోమీటర్ల బండి వాటర్ టిన్నులకు హాయిగా సరిపోతుంది. ఖర్చు సున్నా, పోయే 5,400లో చాలా భాగం వెనక్కి. బ్యాటరీలను అటూ ఇటూ మార్చడం కంటే బళ్లనే మార్చడం మేలు. ప్యాక్‌కూ చార్జరుకూ కంట్రోలరుకూ పొత్తు కుదరక తర్వాత తిప్పలు పడేవాళ్లను చూశాను.

డ్రైవర్లు ఒప్పుకోవడం వేరే కథ. అలవాటైన బండిని ఎవరూ వదలరు. బత్తాలో తేడా రాకుండా చూస్తానని ముందే చెప్పండి.

రూట్లు మార్చి ఒక ఏడాది నెట్టుకొస్తే 1,62,000 మీద 14 శాతం లెక్కన వడ్డీయే 22,680 మిగులుతుంది. పైగా ధరలూ దిగుతూ వచ్చాయి. బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ సర్వేలో లిథియం ప్యాక్ సగటు ప్రపంచ ధర యూనిట్‌కు 2023లో 139 డాలర్లు, 2024లో 115 డాలర్లు. ఆటోలకు వేసే చిన్న ప్యాక్ ఆ ధరకు మనకు దొరకదు, ఏటా అంతే దిగుతుందన్న హామీ కూడా లేదు. నేనైతే ఆ తగ్గుదలను లెక్కలో వేయను, కలిసొస్తే కలిసొచ్చినట్టు.

మరి ఎప్పుడు కొనాలి? షెడ్డులో అన్నిటికంటే నీరసమైన బ్యాటరీ, అన్నిటికంటే చిన్న రూటును కూడా దసరా, సంక్రాంతి లోడుతో మొయ్యలేకపోయినప్పుడు. అప్పుడు కూడా కొత్త బ్యాటరీని బాడీ ఎక్కువకాలం నిలిచే బండికే పెట్టండి. ఏడాదిలో తుక్కుకు పోయే బండికి పెడితే, మిగిలిన బ్యాటరీ ఆయుష్షును ఎవరికో చవగ్గా అమ్ముకున్నట్టే. పాత ప్యాక్‌ను సందు చివర తుక్కువాడికి ఇవ్వకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి, ఇచ్చి రసీదు తీసుకోండి.

వచ్చే పాఠానికి పని: మీ బళ్లన్నిటినీ ఒక కాగితం మీద రాయండి. ఎడమవైపు మిగిలిన శాతం, ఎక్కువ నుంచి తక్కువకు. కుడివైపు రూట్ల కిలోమీటర్లు, అవీ ఎక్కువ నుంచి తక్కువకు. ఎదురెదురుగా గీతలు గీసి, ఇప్పుడు ఏ బండి ఏ రూటులో ఉందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. అడ్డదిడ్డంగా దాటిన గీతలు ఎన్నో లెక్కపెట్టి ఉంచండి. నెలవారీ అద్దెకు బ్యాటరీ తీసుకోవడం, మార్పిడి స్టేషన్లు వాడడం గురించి ఆ కాగితంతోనే మొదలుపెడదాం.