చిన్న కోతతో తుంటి మార్పిడి: ఒప్పుకునే ముందు అడగవలసినవి

తుంటి కీలు మార్పిడికి సిద్ధమయ్యేవారు ‘చిన్న కోత’ అనగానే మచ్చ ఎంత ఉంటుందని అడుగుతారు. అసలు అడగవలసింది చర్మం కింద ఏ కండరాన్ని కోస్తారు, దేన్ని పక్కకు జరుపుతారు అన్నది. ఒకప్పుడు 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉండే కోత ఇప్పుడు సుమారు 10 సెంటీమీటర్లకు తగ్గినా, అరిగిపోయిన తొడ ఎముక తలను తీసి, కటి ఎముకలోని గిన్నెను చెక్కి, కృత్రిమ కీలును అమర్చే పని మాత్రం మారలేదు.

కనుక ముందుగా సర్జన్ కీలును ఏ దారిన చేరతారో తెలుసుకోండి. వెనుక నుంచి చేరే పద్ధతిలో పిరుదు కండరాన్ని దాని నారల వెంబడి విడదీసి, తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక నుంచి వేరుచేసి, చివర్లో తిరిగి కుడతారు. ముందు నుంచి చేరే పద్ధతిలో కండరాల మధ్య సహజంగా ఉన్న సందులోంచి వెళతారు గనుక పెద్ద కండరాలను కోయవలసిన అవసరం సాధారణంగా రాదు. అయితే తొడ బయటివైపు స్పర్శనిచ్చే నరం ఆ దారిలోనే ఉండటంవల్ల కొందరికి అక్కడ తిమ్మిరి మిగులుతుంది. పొట్ట గజ్జల మీదికి జారే స్థూలకాయుల్లో ఈ గాయం మానడం కష్టం కావచ్చు.

చిన్న కోత పద్ధతిలో చేయి తిరగడానికి సర్జన్‌కు చాలా శస్త్రచికిత్సల అనుభవం కావాలి. ఇరుకు కోతలో చూపు సరిగా ఆనకపోతే కీలు వంకరగా అమరవచ్చు, తొడ ఎముక చిట్లవచ్చు. అందుకే ‘ఈ పద్ధతిలో ఏడాదికి ఎన్ని చేస్తారు? అవసరమైతే కోతను పెద్దది చేస్తారా?’ అని మొహమాటపడకుండా అడగండి. రెండో ప్రశ్నకు ‘చేస్తాను’ అన్నవారినే నేనైతే ఎక్కువగా నమ్ముతాను. నొప్పి తగ్గడంలో, నడకలో కనిపించే మేలు ఎక్కువగా మొదటి కొద్ది వారాలదే; ఏడాది తిరిగేసరికి పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

శస్త్రచికిత్సకు ముందు చక్కెరను అదుపులోకి తెచ్చుకోండి, పొగ మానండి, పుచ్చిన పళ్లకు చికిత్స చేయించుకోండి, రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. ఇంట్లో పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి, ఎత్తయిన కుర్చీ సిద్ధం చేయించండి. వెనుక దారిన చేయించుకున్నవారు సర్జన్ అనుమతించేవరకు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. బాసింపట్టు, గొంతుకూర్చోవడం అసలే వద్దు. చాలామందిని అదే రోజో మరునాడో వాకర్‌తో నడిపిస్తారు. ఇంటికి వచ్చాక గాయం నుంచి రసి కారినా, పిక్క వాచి నొప్పి పుట్టినా ఆలస్యం చేయకుండా సర్జన్‌ను సంప్రదించండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కాలు పొట్టిదైనట్టు అనిపించి కదపలేకపోయినా నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లండి.