బెంగళూరు నుంచి జీడీ కానిస్టేబుల్ పరీక్షకు దరఖాస్తు: ముందుగా తేల్చుకోవలసినది స్వరాష్ట్రం

పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం కనుక దేశమంతటికీ ఒకే పోలీసు దళం లేదు. పదో తరగతి పాసై జాతీయ స్థాయిలో యూనిఫాం ఉద్యోగం కోరుకునేవారికి ప్రధాన మార్గం, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ వంటి కేంద్ర బలగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పరీక్ష.

ఈ ఉద్యోగాల్లో అధిక భాగం రాష్ట్రాల వారీగా కేటాయిస్తారు, కటాఫ్ మార్కులు కూడా రాష్ట్రాన్ని బట్టే మారుతాయి. అందుకే అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి కె.ఆర్.పురంలోనో మారతహళ్లిలోనో అద్దె ఇళ్లలో ఉంటున్న మన కుటుంబాల పిల్లలు, తమ నివాస ధ్రువపత్రం ఏ రాష్ట్రం నుంచి రాగలదో తేల్చుకున్న తరువాతే ఫారం తెరవాలి. దరఖాస్తులో కర్ణాటక అని రాసి, ధ్రువపత్రాల పరిశీలన నాడు ఆంధ్రప్రదేశ్ పత్రం చూపితే, రాతపరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా అభ్యర్థిత్వం రద్దవుతుంది. ఏళ్ల శ్రమ ఒక్క గడిలో రాసిన మాట వల్ల పోవడం నిజంగా బాధాకరం. ఈ పత్రం కర్ణాటకలో నాడకచేరి (స్థానిక రెవెన్యూ కార్యాలయం) ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ లేదా గ్రామ, వార్డు సచివాలయం ద్వారా తహసీల్దారు పేరిట వస్తుంది.

కుల ధ్రువపత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లంబాడీలు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం; వలస వచ్చినవారికి స్వరాష్ట్రపు హోదాయే వర్తిస్తుంది. ఈ తేడా ఎత్తు కొలతపై నేరుగా ప్రభావం చూపుతుంది, ఎందుకంటే పురుషులకు సాధారణంగా 170 సెంటీమీటర్లు కావలసి ఉండగా షెడ్యూల్డు తెగలవారికి 162.5 చాలు. మహిళలకు ఈ కొలతలు 157, 150. బీసీ అభ్యర్థులు రాష్ట్ర ప్రభుత్వ అవసరాలకు ఇచ్చే పత్రం కాక, కేంద్ర ఉద్యోగాలకు నిర్దేశించిన నమూనాలో ఓబీసీ పత్రం తీసుకోవాలి.

వయసు 18 నుంచి 23 ఏళ్ల మధ్య ఉండాలి. ఓబీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. కమిషన్ వెబ్‌సైటులో ఒకసారి చేసుకునే రిజిస్ట్రేషన్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్నట్టే ఉండాలి. రుసుము 100 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు మినహాయింపు. పరీక్షాకేంద్రాలుగా కోరుకునే 3 నగరాలూ ఒకే ప్రాంతీయ కార్యాలయం పరిధిలోనివై ఉండాలి. బెంగళూరు కర్ణాటక-కేరళ ప్రాంతానికి, తిరుపతి, కర్నూలు చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతానికి చెందుతాయి కనుక వాటిని కలిపి ఎంచుకోవడం కుదరదు.

కంప్యూటర్‌పై జరిగే పరీక్షలో 60 నిమిషాలకు 80 ప్రశ్నలు, 160 మార్కులు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. రీజనింగ్, సామాన్య జ్ఞానం, ప్రాథమిక గణితం, ఇంగ్లిష్ లేదా హిందీ అని 4 భాగాలుంటాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన పరీక్ష నుంచి ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు, ఇంగ్లిష్ లేదా హిందీ భాషా భాగం మాత్రం అలాగే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఇక్కడికి వచ్చినవారికి ఇది గొప్ప మేలు, దరఖాస్తులోనే భాషను ఎంచుకోవడం మరువకూడదు. డిగ్రీ ఉన్నవారు కేంద్ర బలగాల కోసం రాసే ఎస్సై పరీక్ష ఇంగ్లిష్, హిందీలకే పరిమితం.

ఆ తరువాత పరుగు: పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. వైద్య పరీక్షలో కళ్లద్దాలు లేకుండా ఒక కంటికి 6/6, రెండో కంటికి 6/9 చూపు ఉండాలి కాబట్టి, శిక్షణ కేంద్రానికి డబ్బు కట్టకముందే కంటి పరీక్ష చేయించుకోవడం మంచిది.