నాబ్ తిప్పినా కాక్‌పిట్ లైట్లు తగ్గట్లేదా? డిమ్మర్ మార్చేముందు ఇది చూడండి

విజయవాడ, గుంటూరు వైపు ఇంజినీరింగ్ పిల్లలు, ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ కట్టుకునేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, డిమ్మర్ పోయింది, ఏది కొనాలి?" చాలాసార్లు డిమ్మర్, అంటే నాబ్ తిప్పితే వెలుగు తగ్గించే పరికరం, పోయి ఉండదు. దాన్ని ప్యానెల్ నుంచి పూర్తిగా విడదీసి, టేబుల్ మీద ఒక్క ఎల్‌ఈడీ స్ట్రిప్ ముక్కకి కలిపి తిప్పి చూడమంటే ఎవరూ చూడరు. రెండు నిమిషాల పని. అక్కడ వెలుగు తగ్గిందంటే డిమ్మర్ బాగున్నట్టే, తప్పు వైరింగ్‌లో ఉంది. దయచేసి ముందు ఇది చేయండి.

నేను రాసేదంతా 12 వోల్టుల సిమ్యులేటర్ ప్యానెల్ గురించే. ఎగిరే విమానంలో వైరు ముట్టుకోవాలంటే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సున్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) ఉండాలి, ఆ విమానం మాన్యువల్ ప్రకారమే జరగాలి.

టేబుల్ మీద బాగా పనిచేసి, ఫ్రేములో బిగించగానే లైట్లన్నీ ఫుల్‌గా వెలుగుతున్నాయా? నాబ్ సున్నాకి తిప్పినా ఆరట్లేదా?

నన్ను బాగా ఏడిపించింది ఇదే. గుంటూరులో ఒక కాలేజీ ప్రాజెక్టు, మర్నాడే ప్రదర్శన. ఆయిల్ ప్రెషర్, ఫ్యూయల్ మీటర్ల కోసం పిల్లలు విజయవాడ ఆటోనగర్ నుంచి పాత లారీ మీటర్లు తెచ్చి, డయల్ మార్చి చాలా అందంగా పెట్టారు. రాత్రంతా రెండు డిమ్మర్లు మార్చాను, నాబ్ మార్చాను, ఎస్‌ఎంపీఎస్ (12 వోల్టులిచ్చే కంప్యూటర్ పవర్ డబ్బా) కూడా మార్చాను. దేనికీ తగ్గలేదు.

అసలు సంగతేమిటంటే, షాపులో ఎల్‌ఈడీ స్ట్రిప్ కోసం అమ్మే చిన్న డిమ్మర్లు మామూలుగా మైనస్ వైపు కట్ చేస్తాయి. ప్లస్ లోపల్నుంచి నేరుగా బయటికి వచ్చేస్తుంది. లారీ మీటర్లో బల్బు హోల్డరు రేకే మైనస్, మెకానిక్కులు బాడీ ఎర్త్ అంటారు చూడండి, అది. ఇక కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ మైనస్ దాని డబ్బాకే కలిసి ఉంటుంది, ఆ డబ్బాని ఇనుప ఫ్రేముకి బోల్టు వేశాం, కాబట్టి ఫ్రేమంతా మైనస్సే. మీటర్ బల్బుకి డిమ్మర్‌తో పనేముంది, ఫ్రేము గుండా కరెంటు తిరిగి వెళ్లిపోతుంది. దానికి తోడు ఎవరో మీటర్ బాడీ నుంచి ఒక వైరు తెచ్చి మిగతా స్ట్రిప్పుల మైనస్సుతో ముడేశారు. దాంతో డిమ్మర్ పూర్తిగా పక్కకి పోయి అన్ని లైట్లూ ఫుల్. నేనేమో మల్టీమీటర్ నల్ల ప్రోబు ఫ్రేముకి తగిలించి కొలుస్తున్నాను. అలా కొలిస్తే నాబ్ ఎక్కడున్నా 12 వోల్టులే చూపిస్తుంది. కొలవాల్సింది బల్బు రెండు చివర్ల మధ్య.

పట్టుకోవడం ఇలా. పవర్ పూర్తిగా తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో (రెండు చోట్లూ కలిసి ఉంటే కూసేది) పెట్టి, డిమ్మర్ ఇన్‌పుట్ ప్లస్‌కీ అవుట్‌పుట్ ప్లస్‌కీ మధ్య బీప్ వస్తుందేమో చూడండి. వస్తే అది మైనస్ కట్ చేసే రకం. తర్వాత ప్యానెల్ నుంచి వచ్చే మైనస్ వైరుని డిమ్మర్ నుంచి ఊడదీసి, ఆ వైరుకీ ఫ్రేముకీ మధ్య చూడండి, బీప్ రాకూడదు. ఇక్కడ బల్బులు హోల్డర్లలోంచి తీసేయడం మర్చిపోవద్దు, లేకపోతే ఫిలమెంటు గుండా కూడా బీప్ వచ్చి తికమక పెడుతుంది. బీప్ వస్తుంటే మీటర్లు ఒక్కొక్కటే విప్పుతూ పోండి, ఎక్కడ ఆగితే అదే దొంగ.

మీటరుకి ఫైబర్ వాషర్లు వేసి ఫ్రేము నుంచి వేరు చేసి, దాని బాడీనే డిమ్మర్ మైనస్‌కి కలిపితే పని జరుగుతుంది, కానీ ఎప్పుడో ఒక స్క్రూ తగిలి మళ్లీ మొదటికొస్తుంది. నా సలహా ప్లస్ వైపు తగ్గించమని. చిన్న లోహపు విమానాల్లో సాధారణంగా జరిగేదీ అదే, బాడీ మైనస్‌గా ఉంటుంది, డిమ్మర్ తగ్గించి ఇచ్చే ప్లస్ వైరుని లైటింగ్ బస్ అంటారు. మీకు ఎల్ఎం317 (వోల్టేజి తగ్గించే చిప్) ఒకటి, 240 ఓమ్ రెసిస్టరు, 2 కిలో ఓమ్ పాట్ (నాబ్ తిప్పితే మారే రెసిస్టరు) చాలు. 12 వోల్టులిస్తే గరిష్ఠంగా 10 దాకా వస్తుంది, రాత్రి కాక్‌పిట్‌కి అది సరిపోతుంది. దాని పరిమితి 1.5 ఆంపియర్లు, కానీ 8 వోల్టులకి తగ్గించి 1 ఆంపియర్ లాగితేనే 4 వాట్ల వేడి, హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) తప్పనిసరి. ఎల్ఎం317 వెనక రేకు అవుట్‌పుట్‌కి కలిసి ఉంటుంది, కాబట్టి మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్ లేకుండా ఫ్రేముకి బిగిస్తే నేరుగా షార్టే.

నాబ్ సగం తిప్పేదాకా స్ట్రిప్ వెలగకపోతే అది లోపం కాదు. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు వరసగా ఉంటాయి, 7, 8 వోల్టుల దాకా ఏమీ కనపడదు. ఫిలమెంట్ బల్బులు అంతకంటే ముందే ఎర్రగా మొదలవుతాయి, రెంటినీ ఒకే నాబ్ మీద పెట్టొద్దు.

డిస్‌ప్లే మిణుకుమిణుకుమంటోందా? దాని పవర్‌ని డిమ్మర్ గుండా ఇచ్చి ఉంటారు. వెంటనే తీసేయండి. మైనస్ కట్ చేసే డిమ్మర్ అయితే ఆ కరెంటు హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్ల గ్రౌండ్ గుండా దారి వెతుక్కుంటుంది, పోర్టు కాలిపోవచ్చు. డిస్‌ప్లేకి పవర్ ఎప్పుడూ నేరుగానే ఇచ్చి, వెలుగు దాని సెట్టింగుల్లోనే తగ్గించుకోండి. అసలు ఏవియానిక్స్ డిస్‌ప్లే (నిజం విమానంలో వాడేది) దొరికితే చాలావాటికి లైటింగ్ బస్ పిన్ విడిగా ఉంటుంది, సెట్టింగ్‌లో ఆ బస్ 28 వోల్టులని ఉంచి 14 ఇస్తే పూర్తి వెలుగు రాదు.

పాత విమానం ప్యానెల్ కొని 12 వోల్టులివ్వగానే బల్బులు మాడిపోయాయంటే అవి 5 వోల్టులవి, చేసేదేం లేదు, బల్బులు మార్చాలి. నాబ్‌తో పాటు హెడ్‌సెట్‌లో కూత మారుతుంటే లైట్ల వైర్లని ఆడియో వైర్లకి దూరంగా లాగండి. పాట్ లోపల అరిగిపోయిందేమో అన్నది ఆఖర్న చూడండి.