టైంటేబుల్ లేని బళ్లు: వైజాగ్‌లో గూడ్సు చూడటం ఎలా

వైజాగ్‌లో గూడ్సు బళ్లు చూడాలని సరదా పుట్టినవాళ్లు ముందు మెయిన్ స్టేషన్‌కి వెళ్లి ప్లాట్‌ఫారం చివర నిలబడతారు. ఎంతసేపు చూసినా ప్యాసింజర్ బళ్లే తప్ప ఇంకేం రావు, విసుగొచ్చి ఇంటికొచ్చేస్తారు. దానికి కారణం ఉంది. మన స్టేషన్ మెయిన్ లైన్‌కి పక్కగా, ఊళ్లోకి వచ్చి ఉంటుంది. హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి ఇక్కడికొస్తే ఇంజన్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి మార్చుకుని, వచ్చిన వైపే మళ్లీ బయటపడాలి. ఊరితో పని లేని గూడ్సుకి ఆ తంటా ఎందుకు? సింహాచలం నార్త్ నుంచి తిన్నగా దువ్వాడ వెళ్లిపోతుంది. పోర్టుకి పోవాల్సినవి మర్రిపాలెం దగ్గర యార్డు (గూడ్సు బళ్లని నిలిపి, విడదీసి, కూర్చే చోటు) వైపు తిరుగుతాయి.

కాబట్టి నిలబడాల్సిన చోట్లు మూడు: సింహాచలం, దువ్వాడ, కొత్తవలస. యార్డుకి వచ్చేవీ, యార్డు నుంచి బయల్దేరేవీ చూడాలంటే సింహాచలం. చెన్నై వైపు రాకపోకలూ, స్టీల్ ప్లాంటు బళ్లూ కావాలంటే దువ్వాడ. కొత్తవలసలో హౌరా లైనూ, ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి దిగొచ్చే కేకే (కొత్తవలస-కిరండూల్) లైనూ కలుస్తాయి, అందుకని ఇనుప ఖనిజం బళ్లకి అదే మంచి చోటు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే దువ్వాడే చెబుతాను, అక్కడ రద్దీ ఎక్కువ, కాళీగా కూర్చోవాల్సిన పని తక్కువ. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకోండి, అది రెండు గంటలు చెల్లుతుంది. అంతకన్నా ఎక్కువసేపు ఉండాలనుకుంటే పక్క స్టేషన్‌కి ప్యాసింజర్ టికెట్టు కొనుక్కుని ఎక్కడం దిగడం చేస్తే రెండు చోట్లూ చూసినట్టు ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో రైలు ఎక్కడుందో చూపించే యాప్‌లన్నీ ప్యాసింజర్ బళ్లకే. గూడ్సుకి మనం చూసుకునే టైంటేబుల్ లేదు, కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్ ఎప్పుడు దారి ఇస్తే అప్పుడే కదులుతుంది. అందుకని 'ఎప్పుడొస్తుంది' అన్న ప్రశ్న వదిలేసి, వచ్చిన బండిని చూసి అది ఎక్కడి నుంచి వస్తోందో, ఏం మోస్తోందో, ఎక్కడికి పోతోందో చెప్పడం నేర్చుకోవాలి. వైజాగ్‌లో అది కష్టం కాదు. ఇక్కడ సరుకు రకాలు ఎక్కువే, కానీ ఒక్కోటీ దాదాపు ఒకే దిక్కున నడుస్తుంది.

ఇంజన్ కన్నా ముందు వ్యాగన్ చూడండి. పైకప్పు లేని ఎత్తు గోడల డబ్బాలు బాక్స్‌ఎన్ రకం. బొగ్గు, ఖనిజం రెండూ వీటిలోనే వస్తాయి, దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా పట్టుకోవడం ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచి తేలిక. బొగ్గు తేలిక సరుకు కాబట్టి అంచు దాకా నిండి పైన కుప్పగా లేస్తుంది. ఇనుప ఖనిజం బరువెక్కువ, వ్యాగన్ మోయగల బరువు సగం కూడా నిండకముందే అయిపోతుంది, అందుకే పైనుంచి చూస్తే అడుగున ఎర్రమట్టి పోసి మిగతాది వదిలేసినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు 'ఇంత కాళీగా ఎందుకు తీసుకెళ్తున్నారు' అంటారు. అది ఫుల్ లోడే. ఈ కారణంతోనే ఖనిజం కోసం ప్రత్యేకంగా గోడలు పొట్టిగా ఉండే బీఓవై వ్యాగన్లు చేశారు, అవి కేకే లైన్ బళ్లలో కనబడతాయి.

బ్రిడ్జి ఎక్కే వీలు లేకపోతే స్ప్రింగులు చూడండి. వ్యాగన్ కింద చక్రాల జంటల మధ్య, బోగీ ఫ్రేములో, అంటే చక్రాలని పట్టి ఉంచే చట్రంలో, నిలువుగా చుట్ల స్ప్రింగులు గుత్తిగా ఉంటాయి. కాళీ బండికి చుట్టుకీ చుట్టుకీ మధ్య వెలుతురు కనబడుతుంది, లోడు బండికి చుట్లు ఒకదాని మీద ఒకటి నొక్కుకుపోయి ఉంటాయి. చెవికి కూడా తెలుస్తుంది: కాళీ వ్యాగన్లు గలగలమంటూ డబ్బాల మోత మోగిస్తూ పోతాయి, లోడు బండి కిందికి ఒత్తుకుంటూ బరువుగా, దాదాపు ఒకే స్వరంతో పోతుంది. మధ్యలో ఒక వ్యాగన్ మాత్రం దడ్ దడ్ దడ్ అని లెక్కగా కొడుతూ పోతే దాని చక్రం ఒక చోట చదునై ఉంటుంది. యార్డులోకి బండి వచ్చేటప్పుడు క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది పట్టాల పక్కన నిలబడి ఇదే వింటారు, వేడెక్కిన యాక్సిల్ బాక్సులూ (ఇరుసు చివరల ఉండే బేరింగు పెట్టెలు), వేలాడే భాగాలూ చూస్తారు.

ఇప్పుడు దిక్కు కలపండి. ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు స్ప్రింగులు నొక్కుకుపోయి కొత్తవలస వైపు నుంచి వస్తుంటే అది కిరండూల్ దగ్గరి బైలడిల్లా గనుల ఖనిజం. పోర్టు నుంచి బొగ్గు కుప్పలతో బయటికి పోతుంటే అది ఓడల్లో దిగిన బొగ్గు, భిలాయ్ లాంటి ఉక్కు కర్మాగారాలకి కావాల్సిన కోకింగ్ బొగ్గు కూడా ఇలాగే వెళ్తుంది. కింద తలుపులు తెరుచుకునే తొట్టి ఆకారం బీఓబీఆర్ఎన్ కనబడితే థర్మల్ ప్లాంటు బొగ్గు అనుకోవచ్చు, మనకి పరవాడలో సింహాద్రి ఉంది కదా. గుండ్రటి ట్యాంకులు పెట్రోలియం. పైకప్పున్న బీసీఎన్‌లో ఎరువో, బియ్యమో, సిమెంటో ఉంటుంది, తలుపులు మూసి ఉంటే ఏదో చెప్పలేం. వీటన్నిటిలో నాకు ఇష్టమైంది దమన్‌జోడి నుంచి నాల్కో అల్యూమినా తెచ్చే బీటీఏపీ ట్యాంకులు. సరుకు తెల్లటి పొడి, పై మూతల దగ్గర పిండి చల్లినట్టు పట్టి ఉంటుంది, ఎర్ర దుమ్ము బళ్ల మధ్య నిలబడితే ఇట్టే తెలిసిపోతుంది.

వ్యాగన్ పక్కన 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, తర్వాతి రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు ఆ వ్యాగన్ సొంత నంబరు, చివరిది సరిచూసుకునే అంకె. మొదటి అంకె 1 గానీ 2 గానీ అయితే కప్పు లేనిది, 3 అయితే కప్పున్నది, 4 ట్యాంకు, 5 తొట్టి. బండి కదులుతుంటే దుమ్ములో నంబరు తప్పు చదువుతాం, అది చివరి అంకెతో పట్టుకోవచ్చు. ఊరికే ఉదాహరణకి 10061234566 అనుకోండి. ఎడమ నుంచి సరి స్థానాల్లో, అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లో ఉన్న అంకెలు కూడితే 18, దాన్ని మూడుతో గుణిస్తే 54. బేసి స్థానాల్లో మొదటి ఐదూ కూడితే 10. రెండూ కలిపి 64. పైనున్న పదుల సంఖ్య 70 చేరడానికి 6 కావాలి, చివరి అంకె 6, సరిపోయింది. ఇంటికొచ్చాక నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఇది చేస్తుంటే పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు.

ఇంజన్ల దగ్గరికి వస్తే, డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్సు. డబ్ల్యూఏజీ-7 వచ్చేటప్పుడు బ్లోయర్ల హోరు ముందే వినబడుతుంది. డబ్ల్యూఏజీ-9 దాని తర్వాత వచ్చిన త్రీ-ఫేజ్ మోటార్ల ఇంజన్, 6000 హార్స్‌పవర్, కదిలేటప్పుడు కీచుమనే స్వరం మెట్లు మెట్లుగా పైకి పోతుంది. రెండు ఇంజన్లు అతికించినట్టు పొడుగ్గా ఉండి నంబరు 60 వేలతో మొదలైతే అది మధేపురాలో చేసిన డబ్ల్యూఏజీ-12, 12000 హార్స్‌పవర్. పక్కన దాని సొంత షెడ్డు (ఇంజన్‌కి మరమ్మతులు చేసే చోటు) పేరు రాసి ఉంటుంది, అదీ రాసుకోండి, ఊరు కాని ఊరి ఇంజన్ వస్తే ఆ రోజు పండగే. పాత వాల్తేరు అభిమానులు ఎవరైనా కలిస్తే డబ్ల్యూఏజీ-6 గురించి అడగండి. 1980ల చివర్లో స్వీడన్ నుంచీ, జపాన్ నుంచీ 18 తెప్పించి ఇక్కడి షెడ్డులోనే ఉంచారు, ఇక మాటలు ఆగవు.

బండి ఇక్కడ ఆగుతుందా, దూసుకుపోతుందా అన్నది సిగ్నల్ చెబుతుంది. హోమ్ సిగ్నల్ (స్టేషన్‌లోకి రావడానికి ముందుండేది) పసుపు వెలిగి దాని పైన ఐదు తెల్ల లైట్ల వరస ఒక పక్కకి వాలి వెలిగితే బండిని లూప్‌లోకి, అంటే మెయిన్ లైన్ పక్కనున్న పట్టాల మీదకి, తీసుకుంటున్నారు. కెమెరా తీసి తీరిగ్గా నిలబడొచ్చు. వరసగా ఎక్స్‌ప్రెస్‌లు వెళ్లే గంటలో గూడ్సులన్నీ ఇలా పక్కకి పడి ఉంటాయి, ఆ రద్దీ తగ్గగానే ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి, అందుకే మామూలు యాప్‌లో ప్యాసింజర్ బళ్ల మధ్య కాళీ ఎక్కడుందో చూసుకుని ఆ టైంకి వెళ్లడం మంచి పద్ధతి. బాక్స్‌ఎన్ రేకు (ఒకే బండిగా కట్టిన వ్యాగన్ల వరస) అంటే మామూలుగా 58 వ్యాగన్లు, ఒక్కోటి 10.7 మీటర్లు. ఆరు వందల మీటర్లు దాటిన బండి అది, దాన్ని ఫ్రేములో పట్టించాలంటే ప్లాట్‌ఫారం మధ్యలో కాకుండా వంపు ఉన్న వైపు చివరకి వెళ్లండి. చివర గార్డు పెట్టె లేకపోతే కంగారు పడకండి, ఈ మధ్య కొన్ని బళ్లకి దాని బదులు చివరి వ్యాగన్‌కి ఎర్ర లైటు పెట్టె తగిలిస్తున్నారు. అన్నట్టు 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అనాలి, ఎవరూ అనరనుకోండి.

చేయకూడనివి ఖచ్చితంగా చెబుతాను. యార్డులోకి దిగకూడదు, షార్ట్‌కట్ అని పట్టాలు దాటకూడదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు దాకా, వెయ్యి రూపాయల జరిమానా దాకా ఉంది. చట్టం సంగతి అటుంచితే ఆగి ఉన్న రేకు కూడా ఏ క్షణమైనా చప్పుడు లేకుండా కదులుతుంది, తోసే ఇంజన్ ఆరు వందల మీటర్ల అవతల ఉంటుంది, మీకు కనబడదు. వ్యాగన్ ఎక్కితే నెత్తి మీద 25000 వోల్టుల తీగ, ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకెళ్తే చాలు. బ్రిడ్జి మీద సెల్ఫీ స్టిక్ బయటికి చాచడం కూడా అంతే. పోర్టు గేట్లు, డాక్‌యార్డు, నేవీ గోడల వైపు కెమెరా తిప్పకండి, ఇది తూర్పు నౌకాదళం ఊరు, డ్రోన్ ఆలోచనే పెట్టుకోవద్దు. ప్లాట్‌ఫారం మీద కానిస్టేబుల్ వచ్చి "ఏటి బాబూ, ఏటి రాసుకుంటన్నావ్?" అంటే నోట్‌బుక్ చూపించి, టికెట్టు చూపించి, "వ్యాగన్ నంబర్లండి, సరదాకి" అని మామూలుగా చెప్పండి. తీయొద్దంటే తీయకండి, వాదన పెట్టుకుంటే ఆ స్టేషన్ మళ్లీ మీకు దక్కదు.

చేయి తిరిగాక ఒక రోజు కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. 446 కిలోమీటర్ల ఈ లైన్‌ని జపాన్‌కి ఖనిజం పంపడానికే 1960ల్లో వేశారు, 58 సొరంగాలు ఉన్నాయి. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది, 60 అడుగులకి ఒక అడుగు ఎక్కుడు, కాళీ రేకు కూడా 1300 టన్నుల పైమాటే కాబట్టి పైకి లాగడమే పెద్ద పని. లోడుతో దిగేటప్పుడు కథ వేరు, ముందు కట్టిన రెండు మూడు ఇంజన్లూ లాగడం మాని ఆపే పనిలో ఉంటాయి, డబ్ల్యూఏజీ-9 అయితే అలా ఆపుతూనే తీగలోకి కరెంటు తిరిగి పంపిస్తుంది. క్రాసింగ్ కోసం మీ ప్యాసింజర్‌ని ఏదో స్టేషన్‌లో ఆపుతారు, అందరూ ఆలస్యమైందని తిట్టుకుంటుంటే మీరు కిటికీ దగ్గర ఉండండి, ఎదురుగా దిగొచ్చే బండి మీ పక్క నుంచే పోతుంది. లోడు బండి ఏ పక్క నుంచి వస్తుందో ముందే చెప్పలేం, కాబట్టి సీటు కన్నా తలుపు దగ్గర చోటు మేలు, తల మాత్రం బయట పెట్టొద్దు. శిమిలిగూడ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది, చలికాలం ఉదయం మంచులో ఏమీ కనబడదు, తొమ్మిది దాటాక అయితే వెలుతురు బాగుంటుంది.