వివరాలు వదలలేని మేనేజర్‌కు మూడు వాక్యాల్లో చెప్పడం నేర్పాలంటే

నా కింద పనిచేసిన ఒక మేనేజర్ పై వాళ్ల మీటింగ్‌లో డేటా మైగ్రేషన్, అంటే పాత సిస్టమ్‌లోని డేటాని కొత్తదానికి మార్చే పని గురించి పది నిమిషాలు మాట్లాడారు. ఏ టేబుల్లో ఎన్ని రికార్డులు తేడా వచ్చాయో, డేటా మార్చే ఏ స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) ఎక్కడ ఆగిందో ఒక్కటీ వదల్లేదు. అంతా విని డైరెక్టర్ అడిగారు: "ఇంతకీ టైముకి అవుతుందా, అవదా?" ఆ జవాబు ఆవిడ తొమ్మిదో స్లైడులో ఉంది.

ఇలాంటివాళ్లతో "కాస్త క్లుప్తంగా చెప్పండి" అని మాత్రం అనకండి. పడ్డ కష్టం ఎవరికీ అక్కర్లేదన్నట్టు వినిపిస్తుంది. నేను ఆవిడని ఒకటే అడిగాను, ఈ వివరం చెప్పకపోతే ఏమవుతుందని మీ భయం? "ఎవరైనా అడిగితే దొరికిపోతాను" అన్నారు. అప్పుడు అర్థమైంది, ముందు ఆ భయానికి మందు వెయ్యాలని.

అందుకే మొదట ఒక కాగితం తయారుచేయించాను. రాగల ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క లైను జవాబు. వివరాలన్నీ అందులోకి వెళ్లాయి. అది చేతిలో ఉంటే నోరు తేలికపడుతుంది.

తర్వాత ఆవిడ రాసుకున్న రిపోర్టు పక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. "గత వారం మూడు దశల్లో వెరిఫికేషన్ మొదలుపెట్టాం, మొదటి దశలో..." అని మొదలైనది చివరికి ఇలా తేలింది: "పదిహేనో తేదీకి అవదు, వారం ఆలస్యం. పాత కస్టమర్ల చిరునామాలు కొత్త ఫార్మాట్‌లో సరిపోవడం లేదు. ఇద్దరు టెస్టర్లను ఇస్తే ఆ వారం కలిసొస్తుంది, ఇస్తారో లేదో ఈరోజు చెప్పండి." ఎక్కడున్నాం, ఎందుకు, మీ నుంచి ఏం కావాలి. వార్త రాసేవాళ్లు ఇంట్రోలోనే అసలు సంగతి పెట్టేస్తారు, అమెరికా సైన్యం కూడా ముఖ్యవిషయం ముందే రాయమంటుంది. పని జరిగిన వరుసలో కాదు, వినేవాళ్లకు అవసరమైన వరుసలో చెప్పాలి.

ఇక్కడొక జాగ్రత్త. సింపుల్ చేయమంటే కొందరు "దాదాపు అయిపోయింది" దగ్గరికి వచ్చేస్తారు. అది క్లుప్తత కాదు, దాటవేత. నిర్ణయాన్ని మార్చే అంకె ఒక్కటైనా ఉండాలి, చెడ్డ కబురైతే మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఇక రిహార్సల్. స్లైడ్లు లేకుండా, నేను డైరెక్టర్‌గా కూర్చుని, నలభై సెకన్లకు అడ్డుపడేవాణ్ణి. ఆవిడకి అన్నిటికన్నా కష్టమైనది మూడో వాక్యం తర్వాత ఆగడం. ఎదుటివాళ్లు రెండు క్షణాలు మౌనంగా ఉంటే చాలు, మళ్లీ స్క్రిప్టుల దగ్గరికి వెళ్లిపోయేవారు. చెప్పడం అవగానే చేతిలో పెన్ను కింద పెట్టమన్నాను. ఆ చిన్న పని పట్టుకుని ఆగడం అలవాటైంది.

మీటింగ్ అయ్యాక "బాగా చెప్పారు" అని వదిలేయకండి. ఏ ప్రశ్న వచ్చింది, కాగితంలో ఏ లైను పనికొచ్చింది, ఇద్దరూ చూసుకోండి. ఎవరూ అడగనివాటిని ఆవిడే కొట్టేస్తూ వచ్చారు. రెండు పేజీల కాగితం మూడు నెలల్లో అరపేజీకి దిగింది.