ఐటీ రిటర్ను వేసే ముందు బ్రౌజర్‌లో ఇవి చూసుకోండి

రిటర్నుల సీజన్ వచ్చేస్తోంది. పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు అన్నీ ఒకే బ్రౌజర్‌లో తెరుస్తాం. లాగిన్ కాకముందే ఈ పని కానివ్వండి.

• అప్‌డేట్ దిగాక బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఎక్కువ నష్టం తెచ్చే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ట్యాబులు పోతాయని రోజుల తరబడి మూయకపోతే నడిచేది పాత కోడే. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే ఫార్మాట్ బొమ్మలను చదివే లైబ్రరీలో (చాలా బ్రౌజర్లు వాడుకునే సిద్ధం కోడ్) లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన బొమ్మ ఒకటి చాలు, మెమరీలో కేటాయించిన హద్దు దాటి డేటా రాసేయవచ్చు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ హడావుడిగా అప్‌డేట్లు ఇచ్చాయి, ఎందుకంటే దాడులు అప్పటికే మొదలయ్యాయి. ఇలాంటి దాడులకు మనం ఏ ఫైలూ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు.

• విండోస్ 7, 8.1 ఉన్న పాత కంప్యూటర్‌లో క్రోమ్‌తో ఈ పని వద్దు. అక్కడ క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, తర్వాత దొరికిన లోపాలన్నీ అలాగే ఉన్నాయి. నెట్ సెంటర్‌కు వెళ్తే ముందు విండోస్, క్రోమ్ వెర్షన్లు అడగండి, మొహమాటపడొద్దు.

• ఐఫోన్‌లో ఫోన్‌ను నడిపే ఐఓఎస్‌నే అప్‌డేట్ చేయాలి. మన దేశంలో దానిపై ఏ బ్రౌజర్ వాడినా లోపల పేజీలను చూపించే ఇంజిన్ యాపిల్ వెబ్‌కిట్టే, అది ఐఓఎస్‌తో పాటే వస్తుంది.

• ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌తో పాటు ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూ కూడా చూడండి. చాలా యాప్‌లలో తెరుచుకునే పేజీలను చూపించేది అదే.

• అక్కర్లేని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) తీసేయండి. పేజీలో మీరు టైప్ చేసేవి చదివే అనుమతి చాలావాటికి ఉంటుంది.