సైబర్ ఫిర్యాదు రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: తెరపై కనిపించిన నంబరు ఎవరిది?

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి చెప్పదలచిన బ్యాంకు బాధ్యత సంగతిని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఒక గృహిణికి ఆమె బ్యాంకు కస్టమర్ కేర్ నంబరుతోనే ఫోను వచ్చిందనీ, ఓటీపీ చెప్పిన వెంటనే ఖాతాలోని డబ్బు పోయిందనీ అనుకొని ఫిర్యాదు రాయమన్నాను. జవాబుల్లో అధిక భాగం ‘ఈ నంబరు గల వ్యక్తి నన్ను మోసగించాడు’ అని మొదలయ్యాయి. కొందరైతే ఇంకాస్త ముందుకు వెళ్లి బ్యాంకునే మొదటి నిందితుడిగా నిలబెట్టారు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయడం, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయడం మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నాకు చిరాకు తెప్పించేది ఆ మొదటి వాక్యమే. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్‌లో, ఏ నంబరు నుంచి వస్తోందో తెలిపే గడిని నింపేది పిలిచేవాడి వైపున్న సర్వరు. మధ్యలోని నెట్‌వర్కులు ఆ గడిని సరిచూడకుండా ముందుకు పంపితే, మీ ఫోను దాన్నే తెరపై చూపుతుంది. ఆ నంబరును మీరు బ్యాంకు పేరుతో సేవ్ చేసుకొని ఉంటే, పేరు కూడా నిక్షేపంగా కనిపిస్తుంది. మీరు తిరిగి ఫోను చేసినప్పుడు మాత్రం ఆ కాల్ వచ్చిన దారిన వెనక్కి వెళ్లదు, నంబరు అసలు యజమానికే చేరుతుంది. కాబట్టి ‘తిరిగి చేస్తే బ్యాంకువాళ్లే ఎత్తారు’ అన్నది బ్యాంకు మోసానికి సాక్ష్యం కాదు. నంబరు మార్చి చూపారన్న అనుమానానికే అది బలమిస్తుంది. ఆ సంగతిని ఫిర్యాదులో తప్పక రాయాలి.

మలక్‌పేటలో కిరాణా దుకాణం నడిపే ఒకాయన నంబరును ఇలాగే వాడుకున్నారనుకోండి. ఆయన ఎవరికీ ఫోను చేయలేదు, అయినా ముక్కూమొహం తెలియనివారు పొద్దున్నుంచీ ఫోను చేసి తిడుతుంటారు. మీ ఫిర్యాదులో ఆయన నిందితుడైతే దర్యాప్తు దుకాణం గుమ్మం దగ్గరే కొన్నాళ్లు ఆగిపోతుంది. అందుకే ‘నా ఫోను తెరపై ఫలానా నంబరు కనిపించింది, మాట్లాడినవారు ఎవరో నాకు తెలియదు’ అని రాయండి. దానికి తేదీ, నిమిషంతో సహా సమయం, ఎంతసేపు మాట్లాడారన్నది చేర్చండి. అసలు కాల్ ఏ దారిన మీ టెలికం కంపెనీ నెట్‌వర్కులోకి వచ్చిందో వెతకడానికి పోలీసులకు ఆ వివరాలే ఆధారం.

ఇక చట్టం. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఫోను నంబరు లాంటి టెలికం గుర్తింపులను తారుమారు చేయడం 42(3)(సి) కింద, మోసంతోనో మారుపేరుతోనో సిమ్ సంపాదించడం 42(3)(ఇ) కింద నేరాలు. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ రెంటినీ కలిపేయకండి: విదేశం నుంచి వచ్చిన కాల్‌ను దొంగ సిమ్‌లు గుచ్చిన సిమ్ బాక్సు (ఒకేసారి చాలా సిమ్‌లు పట్టే యంత్రం) గుండా మళ్లిస్తే, తెరపై కనిపించేది నిజమైన సిమ్ నంబరే, కాబట్టి ముందుగా గుర్తుకు రావలసింది (ఇ). వేరొకరి నంబరును అతికించి చూపితే (సి). ఏది జరిగిందో మీరు తేల్చలేరు, తేల్చనక్కరలేదు కూడా.

డబ్బు పోయినప్పుడు ఐటీ చట్టం 66డి (కంప్యూటరు, ఫోను వంటివాటి ద్వారా మరొకరిలా నటించి మోసగించడం), భారతీయ న్యాయ సంహిత 318(4) (మోసం) వస్తాయి. పోలీసు అధికారినంటూ బెదిరిస్తే అదే సంహితలోని 204 కూడా వస్తుంది. ఐటీ చట్టంలో ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడటం గురించిన 66సి మాటకొస్తే, ఫోను నంబరు అందులో చెప్పిన ‘విశిష్ట గుర్తింపు’ అవుతుందా అన్నది వాదానికి తావున్న విషయం. 2024 జూలై 1 తరువాత జరిగిన నేరానికి ఇంకా పాత ఐపీసీలోని 420 అని రాస్తున్నవారు దయచేసి మానుకోండి. నా మట్టుకు నేను సెక్షన్లు అసలు రాయను. జరిగింది వరుసగా ఉంటే సెక్షన్లు స్టేషన్‌లో వాళ్లే వేసుకుంటారు.

పిల్లలు అమెరికాలో ఉన్న పాఠకులు అక్కడి సంగతి అడిగారు. 2010 డిసెంబరులో సంతకమైన ట్రూత్ ఇన్ కాలర్ ఐడీ చట్టం నంబరు మార్చడాన్ని మొత్తంగా నిషేధించలేదు. మోసగించాలనో, హాని చేయాలనో, విలువైనదేదైనా అన్యాయంగా పొందాలనో మార్చితేనే తప్పు. ఒక్కో ఉల్లంఘనకు ఆ చట్టంలో మొదట పెట్టిన జరిమానా 10,000 డాలర్ల వరకు. డాక్టరు సొంత ఫోను నుంచి మాట్లాడుతూ ఆసుపత్రి నంబరు కనిపించేలా చేసుకుంటే అక్కడ నేరం కాదు.

ఫోను వచ్చింది కానీ డబ్బు పోలేదంటే, కేంద్ర టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, అనుమానాస్పద కాల్స్ గురించి తెలిపే చక్షు విభాగంలో తెలియజేయండి.

అభ్యాసం: మలక్‌పేట దుకాణదారు తరఫున పన్నెండు వాక్యాల్లో ఫిర్యాదు రాయండి. అందులో ‘మోసం’ అనే మాట రాకూడదు, ఎవరినీ నిందితుడిగా పేర్కొనకూడదు, తిట్టినవారి మీద కోపం కనిపించకూడదు. ఆయన నంబరు నుంచి తమకు వచ్చాయని తిట్టినవారు చెప్పిన కాల్స్‌లో మూడింటికి సమయాలు మీరే కల్పించుకొని, ఆ సమయాల్లో ఆయన ఫోను నుంచి ఏ కాల్ వెళ్లలేదని నిరూపించడానికి ఏ కాగితం జతచేస్తారో చివరి వాక్యంలో చెప్పండి. దిల్‌సుఖ్‌నగర్ ఫిర్యాదునూ తిరగరాసి పంపండి.